నీళ్లు వేడెక్కే దాకా: మా సరస్సు వసంతకాలపు గాలం డైరీ

పోయిన ఏడాది బాస్ చేపల్ని పట్టుకోనిచ్చే సీజన్ తెరిచిన మొదటి రోజు పొద్దున్నే, గట్టుకు దగ్గర్లో లోతు తక్కువ చోట ఒక పెద్ద బాస్ నా గాలానికి పడింది. కొలిచి, ఫొటో తీసి, మళ్లీ నీళ్లలోకి వదిలేసరికి రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. వదిలాక వంగి చూస్తే కింద కంకరలో శుభ్రంగా ఊడ్చినట్టున్న గుండ్రటి గుంట, దాని మీద గుంపుగా దిగి గుడ్లు తింటున్న చిన్న చేపలు. నేను పట్టింది గూడు కాస్తున్న మగ చేపని. తేదీ దాటింది, లైసెన్సు ఉంది, కొలత సరిపోయింది, నియమం ప్రకారం తప్పేమీ లేదు. అయినా ఆ గుంట చాలా రోజులు కళ్ల ముందే ఉండిపోయింది.

ఆ ఏడు చలి ఆలస్యంగా వదిలింది. క్యాలెండర్ దాని లెక్కలో అది వచ్చేసింది, చేపలు మాత్రం నీళ్లు వేడెక్కేదాకా ఆగాయి. అందుకే ఈసారి మంచు కరిగిన దగ్గర్నుంచి సీజన్ తెరిచేదాకా సరస్సులో వేర్వేరు లోతుల్లో నీటి ఉష్ణోగ్రత కొలిచి రాసుకోవాలని, పక్కనే నియమాల కాగితం పెట్టుకుని ఏ నియమం ఎందుకుందో చూడాలని అనుకున్నా. తమ్ముడు పడవ నడుపుతాడు, నోటుబుక్ వాడి దగ్గర, తాడు నా చేతిలో.

మార్చి 9

సరస్సు మీద ఇంకా మంచు గడ్డ ఉంది, అంచుల్లో మాత్రం నీళ్లు కనిపిస్తున్నాయి. అలాంటి గడ్డ మీద కాలు పెట్టే పని లేదు, కాబట్టి ఈ వారమంతా ఇంట్లో సామాను తయారు చేయడమే.

మొదట థర్మామీటర్ సంగతి. లోతులో ముంచి పైకి లాగితే దారిలో వేరే నీళ్లు తగిలి రీడింగ్ మారిపోతుంది. దానికి పాత పద్ధతి ఒకటుంది: మందపాటి సీసాకి అడుగున బరువు కట్టి, మూతికి బిరడా బిగించి, బిరడాకి వేరే దారం కట్టి దింపడం. కావలసిన లోతుకి చేరాక బిరడా దారాన్ని గట్టిగా ఒక్క లాగు లాగితే ఆ లోతు నీళ్లే సీసాలో నిండుతాయి. సీసా చుట్టూ ఫోమ్ చుట్టా, పైకి వచ్చేలోపు వేడి మారకుండా. పైకి రాగానే థర్మామీటర్ లోపల పెట్టి చదవడమే. చిన్న చిన్న ఐసు ముక్కలు, కాసిని నీళ్లు కలిపిన గిన్నెలో పెట్టి సరిచూస్తే మా థర్మామీటర్ 0 చూపించాల్సిన చోట 0.6 చూపించింది. ఇకపై ప్రతి రీడింగులో అంత తీసేసి రాస్తున్నాం.

రెండోది సెక్కి పలక. 20 సెంటీమీటర్ల అడ్డుకొలత గుండ్రటి పలక, నాలుగు భాగాలు చేసి నలుపు, తెలుపు మార్చి మార్చి రంగు వేయాలి. నీళ్లలోకి దింపుతూ కనపడకుండా పోయిన లోతే ఆ రోజు నీటి తేటదనం. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త, చర్చి ఫాదర్ కూడా, పోప్ ఓడ మీద నుంచి మధ్యధరా సముద్రంలో తెల్ల పలకలు దింపి ఇలాగే చూశాడు. నూటయాభై ఏళ్లు దాటినా ఈ పనికి ఇంతకంటే సులువైన సాధనం నాకు కనపడలేదు. రంగు ఆరడానికి రెండు రోజులు పట్టింది.

తాడుకి మీటరుకొక ముడి, ముడికొక రంగు గుడ్డముక్క. దీని కథ తర్వాత చెప్తా.

మార్చి 22

మొన్న రాత్రి గాలికి గడ్డ పూర్తిగా విరిగిపోయింది. పొద్దున్నే వెళ్లాం. ఎండ బాగా కాస్తోంది, స్వెటర్ కూడా తీసేయాలనిపించింది, కానీ నీళ్లు 3 డిగ్రీలు. ఏడాది మొత్తంలో సరస్సు దగ్గర అన్నిటికంటే ప్రమాదమైన రోజులు ఇవే. గాలి వెచ్చగా ఉంది కదా అని లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కేస్తారు. చల్లటి నీళ్లలో పడిన మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, ఎగపీల్చేస్తాం, ఆ ఎగపీల్పులోనే నీళ్లు మింగేస్తాం. అది దాటితే చేతులు కాళ్లు మాట వినేది సుమారు పది నిమిషాలే. స్పృహ తప్పేది ఇంకా చాలాసేపటికి, దాదాపు గంటకి, కానీ జాకెట్ లేనివాళ్లు అంతదాకా తేలుతూ ఉండలేరు. ఇద్దరం జాకెట్ల జిప్పులు బిగించాకే తాడు విప్పాం.

రీడింగులు: పైన 3.1, రెండు మీటర్ల దగ్గర 3.5, అయిదు దగ్గర 3.9, తొమ్మిది మీటర్ల అడుగున 4.0.

"అన్నా, తప్పు రాస్తున్నామేమో, పైన చల్లగా కింద వెచ్చగా ఉండటమేంటి?" అన్నాడు తమ్ముడు. తప్పు కాదు. నీళ్లు అన్నిటికంటే బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లబడినవి తేలికై పైకి వస్తాయి, అందుకే సరస్సు పైనుంచే గడ్డ కడుతుంది, అందుకే చలికాలమంతా అడుగున 4 డిగ్రీల నీళ్లలో చేపలు బతికి ఉంటాయి.

తిరిగి వస్తుంటే వాగు కలిసే చోట, నీళ్లెక్కిన పాత గడ్డిలో, మోకాలి లోతు కూడా లేని చోట పొడవాటి వీపులు కదిలాయి. పైక్ చేపలు. మంచు కరగగానే మునిగిన గడ్డిలోకి వచ్చి గుడ్లు పెట్టేది ఇవే. ఇక్కడ పైక్‌కి ఇప్పుడు మూసివేత కాలం, అంటే పట్టకూడని రోజులు, మంచు పోగానే అంత తొందరగా ఎందుకు మూస్తారో ఆ గడ్డిని చూస్తే తెలిసింది. తెడ్డు వేయడం ఆపేసి, పడవని దానంతటదే దూరంగా కొట్టుకుపోనిచ్చాం.

మార్చి 30

మూడు రోజులు ఒకటే గాలి. ఈ రోజు పైన 5.1, మధ్యలో 5.0, అడుగున 5.0. పైనుంచి కిందిదాకా ఒకటే వేడి! వసంతంలో సరస్సు తిరగబడటం అంటే ఇదే. పై నీళ్లు కూడా వేడెక్కి కిందివాటితో సమానం కాగానే అడ్డుకునే బరువు తేడా ఉండదు, గాలి మొత్తం సరస్సుని కలిపేస్తుంది. పైనుంచి ఆక్సిజన్ అడుగుకి పోతుంది, అడుగున బురదలో పేరుకున్న పోషకాలు పైకి వస్తాయి. సెక్కి పలక పోయినసారి 3.2 మీటర్లు కనపడింది, ఈసారి 1.7కే మాయం. ఇలాంటప్పుడు చేపలు సరస్సంతా చెదిరి ఉంటాయి, వాటికి ఏ లోతైనా ఒకటే, కాబట్టి ఈ వారం గాలం వేసినా గుడ్డిగా వేయడమే.

ఇక తాడు కథ. అడుగు తగిలినప్పుడు ముడులు లెక్కపెడితే పోయినసారి తొమ్మిది, ఈసారి అదే చోట ఎనిమిదిన్నర. ఇంటికొచ్చి తడి తాడు నేల మీద పరిచి కొలిస్తే మీటరు ముడులు 105 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, పైగా సీసా బరువు లాగుతూ ఉంటుంది. పాలిస్టర్ తాడు తెచ్చి, దాన్ని ముందే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, బరువు వేలాడదీసి, ఆ తర్వాత ముడులు వేశా. పాత రీడింగుల పక్కన "లోతు కొంచెం తేడా" అని రాసి వదిలేశాం, వాటిని దిద్దలేదు.

ఏప్రిల్ 13

ఈ రోజు ఒకే సరస్సులో రెండు సరస్సులు చూశా. నడి సరస్సు 7.2. ఉత్తరపు ఒడ్డున ఉన్న చిన్న మూల, నల్లటి బురద అడుగు, మీటరు లోతు, మధ్యాహ్నం మూడింటికి 11.4. ఉత్తరార్ధగోళంలో ఉత్తరపు ఒడ్డుకి ఎండ ఎక్కువసేపు నేరుగా పడుతుంది, ఉత్తరపు గాలి కూడా అంతగా తగలదు, నల్లటి అడుగు ఎండని పీల్చుకుంటుంది. అదే మూలలో పొద్దున ఏడింటికి 8.6 మాత్రమే ఉంది. అంటే వసంతంలో తెల్లవారకముందే లేచి వెళ్లడం వల్ల పెద్ద లాభం లేదు, మధ్యాహ్నం దాటాక వెళ్లాలి. ఎన్నేళ్లో పొద్దున్నే వెళ్లి చలికి వణికి ఖాళీ చేతుల్తో తిరిగొచ్చిన నాకు ఈ ఒక్క అంకె చాలు.

గాలి కూడా చూసుకోవాలి. రెండు రోజులు ఒకవైపే మెల్లగా వీస్తే పైనున్న వెచ్చటి నీళ్లు ఎదుటి ఒడ్డుకి చేరతాయి. గాలి బయల్దేరే ఒడ్డున కిందినుంచి చల్లటివి పైకొస్తాయి. ఈ రోజు ఆ తేడా దాదాపు రెండు డిగ్రీలు.

పెర్చ్ చేపలకి ఇక్కడ మూసివేత లేదు, రోజుకి ఇన్ని అని లెక్క మాత్రమే ఉంది. ఈ ఏడు మొదటిసారి గాలం వేశా. సన్న దారం, చిన్న బెండు, వానపాము ఎర. ఏడు పడ్డాయి, నాలుగు ఉంచుకున్నాం. మునిగిన కొమ్మల మీద పెర్చ్ గుడ్లు కూడా కనిపించాయి, తెల్లటి జిగురు పట్టీలా పొడుగ్గా మెలికలు తిరిగి వేలాడుతూ. గాలం తగులుకుని ఆ కొమ్మ పైకి వస్తే, గుడ్లతో సహా మెల్లగా మళ్లీ అక్కడే దింపేయాలి.

నియమాల కాగితంలో చాలామంది కలిపేసే రెండు మాటలు ఇక్కడ చెప్పాలి. రోజువారీ పరిమితి అంటే ఒక రోజులో ఎన్ని పట్టి ఉంచుకోవచ్చు అని. మొత్తం మీద దగ్గర ఉంచుకోగలిగే పరిమితి వేరే, చాలా చోట్ల ఇంట్లో ఫ్రిజ్‌లో ఉన్నవి కూడా అందులోకే వస్తాయి. రెండు రోజులు వరసగా వెళ్లేవాళ్లు ఈ రెండోది తప్పకుండా చూసుకోవాలి.

ఏప్రిల్ 27

వర్షం. ఇంట్లో కొలత పలక చేశా. ఇది చేయడానికి కారణం స్లాట్ లిమిట్. మా సరస్సులో బాస్‌కి కనీస కొలత ఒక్కటే కాదు, మధ్యలో ఒక రక్షిత పొడవు ఉంది, 40 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉన్నదాన్ని తప్పనిసరిగా వదిలేయాలి. గుడ్లు బాగా పెట్టే వయసు చేపల్ని కాపాడాలని ఈ ఏర్పాటు. పెద్ద ఆడచేప చిన్నదానికంటే ఎన్నో రెట్లు గుడ్లు పెడుతుంది, అందుకే కొన్ని సరస్సుల్లో ఫలానా కొలత దాటిన ప్రతి చేపనీ వదలమంటారు. ఏ సరస్సు నియమం ఆ సరస్సుదే, పక్క సరస్సుది చూసి ఇక్కడ పట్టకూడదు.

మొదటి పలక చెక్కతో చేసి, మీద అంటించే కొలత టేపు అంటించా. ఇనుప స్కేలుతో సరిచూస్తే 40 దగ్గర 4 మిల్లీమీటర్లు తేడా, అంటించేటప్పుడు టేపు సాగింది. నాలుగు మిల్లీమీటర్లంటే నా చేతిలో ఉన్నది వదలాల్సిన చేపో కాదో తారుమారు చేసే తేడా. దాన్ని పీకేశా. రెండోది ప్లాస్టిక్ పైపుని నిలువుగా చీల్చి దోనెలా చేసి, ఒక చివర అడ్డుచెక్క బిగించి, అడ్డుచెక్క లోపలి అంచు నుంచే 0 మొదలయ్యేలా ఇనుప స్కేలుతో గీతలు చెక్కా. 40, 50 దగ్గర ఎర్ర గీతలు. ప్లాస్టిక్ ఎందుకంటే ఎండిన చెక్క చేప ఒంటి మీది జిగట పొరని పీల్చేస్తుంది, ఆ పొర పోతే చేపకి జబ్బులు అంటుకుంటాయి. పలక, చేతులు రెండూ తడిపాకే చేపని ముట్టుకోవాలి.

ఇక ఎలా కొలవాలన్నది. ఇక్కడ అడిగేది మొత్తం పొడవు: నోరు మూసి ముక్కు అడ్డుచెక్కకి ఆనించి, తోక రెండు కొసలు దగ్గరకి నొక్కి, ఆ చివరిదాకా. కొన్ని చోట్ల కొన్ని చేపలకి తోక చీలిక దాకానే కొలుస్తారు. కాగితంలో ఏది రాశారో చదవకుండా కొలిస్తే ఒకే చేపకి రెండు పొడవులు వస్తాయి.

మే 11

ఈ వారం చలిగాలి, రెండు రోజులు ముసురు. వారం కింద ఒడ్డు పక్కన 14.2 ఉన్నది ఈ రోజు 11.6కి పడిపోయింది. అప్పుడు లోతు తక్కువ చోట తిరుగుతున్న బాస్‌లు ఒక్కటీ లేవు, అన్నీ లోతుకి వెనక్కి జారుకున్నాయి.

ఈ రోజు ఒక చేప విషయం బాధపెట్టింది. పెర్చ్ కోసం వేసిన వానపాముని ఒక బాస్ మింగేసింది, గాలం గొంతులో దిగింది. మూసివేత కాలంలో వేరే చేప పొరపాటున పడినా వెంటనే వదిలేయాలి, దెబ్బ తగిలినా సరే, "ఎలాగూ చచ్చిపోతుంది కదా" అని ఉంచుకోవడానికి లేదు. ఆ నియమం లేకపోతే ప్రతివాడికీ పొరపాటే జరుగుతుంది, నాకు అది న్యాయమే అనిపిస్తుంది. గొంతులో దిగిన గాలాన్ని పీకితే మొప్పలు చిరుగుతాయి, దారం నోటి దగ్గర కత్తిరించి వదిలేస్తే బతికే అవకాశం ఎక్కువ. అదే చేశా. నీళ్లలో రెండు చేతులతో నిటారుగా పట్టుకుంటే అర నిమిషానికి తోక విదిలించి పోయింది. బతికిందో లేదో తెలిసే దారి లేదు. ఇంటికొచ్చి పెట్టెలో ఉన్న గాలాలన్నిటి ములుకులూ (కొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముళ్లు) పట్టకారుతో నొక్కి చదును చేశా, ఇరవై మూడు గాలాలు. బెండు కదిలిన వెంటనే లాగాలని, ఎర మింగేదాకా ఆగకూడదని నోటుబుక్‌లో పెద్ద అక్షరాలతో రాశా.

సీసపు బరువులు కూడా ఈ రోజే తీసి పక్కన పెట్టా. తెగిపోయి అడుగున పడినవాటిని నీటిపక్షులు గులకరాళ్లనుకుని మింగుతాయి, ఒక చిన్న సీసపు గుండు కూడా పక్షిని చంపగలదు. హంసలు చనిపోతున్నాయని ఇంగ్లండులో 1987లోనే చిన్న సీసపు బరువుల్ని నిషేధించారు. ఇక్కడ నిషేధం లేదు. అయినా ఉక్కువి, తగరపువి దొరుకుతున్నప్పుడు సీసం ఎందుకు? ఉక్కుది అదే బరువుకి కొంచెం పెద్దగా ఉంటుంది, అంతే.

పక్క సరస్సుకి వెళ్లొచ్చిన పడవ అయితే అడుగు బిరడా తీసి నీళ్లన్నీ వంచేసి, నాచు ముక్కలు ఏరేసి, ఎండలో బాగా ఆరబెట్టాకే ఇక్కడ దింపాలి. జీబ్రా మసెల్ లాంటి ఆల్చిప్పల పిల్లలు కంటికి కనపడవు, బకెట్లో మిగిలిన కాసిని నీళ్లు చాలు అవి చేరడానికి. ఒకసారి పడ్డాయంటే సరస్సు నుంచి వాటిని తీయడం దాదాపు అసాధ్యం. బతికున్న చిన్న చేపల్ని ఎరగా వాడటం, మిగిలినవాటిని నీళ్లలో వదలడం మీద ఆంక్షలకి కూడా ఇదే కారణం.

మే 25

ఎండలు నిలబడ్డాయి. పైన 17.0, మూడు మీటర్లకి 16.3, అయిదుకి 12.2, ఏడుకి 9.1, తొమ్మిదికి 8.2. మూడుకీ అయిదుకీ మధ్య రెండు మీటర్లలో నాలుగు డిగ్రీలు పడింది! మీటరుకి ఒక డిగ్రీకి మించి పడితే అక్కడ థర్మోక్లైన్, అంటే పై వెచ్చటి నీళ్లకీ కింది చల్లటివాటికీ మధ్య పొర, ఉన్నట్టు. ఇక శరదృతువుదాకా పై నీళ్లు వేరు, కింది నీళ్లు వేరు.

ఒడ్డు పక్కన గూళ్లు కట్టేశాయి. నీళ్ల మీది మెరుపు తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని, పడవ దూరంగా ఉంచి లెక్కపెట్టాం, ఉత్తరపు మూలలో పదకొండు. అరమీటరు నుంచి ఒకటిన్నర మీటర్ల లోతులో, మగ చేప తోకతో ఊడ్చి చేసుకున్న గుండ్రటి గుంటలు. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మగది అక్కడే ఉండి, తోకతో నీళ్లు ఆడిస్తూ, బురద పడకుండా చూస్తూ, దగ్గరికి వచ్చిన దేన్నైనా తరుముతుంది. ఆ రోజుల్లో సరిగ్గా తిండి కూడా తినదు. గూటి మీద వేసిన ఎరని అది కొట్టేది ఆకలితో కాదు, గుడ్ల మీదకి వచ్చిందని. పోయిన ఏడాది నా గాలానికి అంత సులువుగా ఎందుకు పడిందో ఇప్పుడు నీళ్లలో కనపడుతోంది.

మూసివేత ముగియడానికి ఇంకా వారమే ఉంది. గుడ్లు పొదగడానికి ఈ వేడిలో నాలుగైదు రోజులు పడుతుంది, ఆ తర్వాత పిల్లలు గుంపుగా తిరిగే ఇంకో రెండు వారాలైనా మగ చేప వెంటే ఉంటుంది. వేళ్ల మీద లెక్కపెట్టినా జూన్ మధ్యకి వస్తోంది.

జూన్ 1

సీజన్ తెరిచింది. పొద్దున్నే ఎనిమిది పడవలు. అందరూ ఉత్తరపు మూలకే. ఒడ్డు పక్కన 18.1, పదకొండులో తొమ్మిది గూళ్ల మీద మగ చేపలు ఇంకా ఉన్నాయి.

పక్క పడవలో ఒక పెద్దాయన పలకరించారు. నా కొలత దోనె, రీడింగుల నోటుబుక్ చూపించా. "తేదీ వచ్చాక పట్టుకోమని వాళ్లే అంటున్నారుగా బాబూ" అన్నారు. నిజమే. "పట్టుకోవచ్చండీ, కాకపోతే గూటి మీద ఉన్నదాన్ని లాగితే కింద ఏమవుతుందో ఒక్క నిమిషం ఉండి చూడండి" అన్నా. ఆయన కాసేపు నీళ్లలోకి చూసి ఏమీ అనకుండా పడవ కొంచెం లోతుకి తీసుకెళ్లారు. ఇంకో రెండు పడవలు అక్కడే ఉండిపోయాయి. వాళ్లది తప్పని అనలేను, బాధగా మాత్రం ఉంది. తేదీ బదులు నీటి ఉష్ణోగ్రతతో తెరవమంటే అమలు చేయడం కష్టమని కూడా తెలుసు, రోజూ ఎవరు కొలుస్తారు, ఏ మూలలో కొలుస్తారు. అందుకే తేదీ పెడతారు, ఆ తేదీ సగటు ఏడాదికి సరిపోయేలా ఉంటుంది, ఈ ఏడాది మా సరస్సుకి రెండు వారాలు ముందైంది.

మేం థర్మోక్లైన్ పైఅంచుకి, నాలుగు మీటర్ల దగ్గరికి వెళ్లాం, రాళ్ల వాలు ఉన్న చోట. పైక్ కూడా అప్పటికే తెరిచారు. రెండు పడ్డాయి, ఒకటి ఉంచుకున్నాం. పెర్చ్ అయిదు.

జూన్ 15

పైన 20.6, మూడు మీటర్లకి 19.8, అయిదుకి 13.0. సెక్కి పలక 2.9. గూళ్లు పదకొండూ ఖాళీ, కొన్నిటి మీద అప్పుడే నాచు పట్టింది. ఒడ్డు పక్కన రెల్లులో బొటనవేలి గోరంత నల్లటి పిల్లలు గుంపులు గుంపులుగా, ఒక్కదాని వెనక కూడా పెద్ద చేప లేదు.

సాయంత్రం అయిదింటికి ములుకు చదును చేసిన గాలంతో మొదటిసారి బాస్ కోసం వేశా. ఆరున్నరకి ఒకటి పడింది. దోనె తడిపి, ముక్కు ఆనించి, తోక నొక్కి చూస్తే 44. ఎర్ర గీతల మధ్యలో. తమ్ముడు నోటుబుక్‌లో రాసేలోపే నీళ్లలోకి దింపేశా.